మేపిన గువ్వలు

లింగయ్య అన్న గువ్వల షికారుకు ప్లాన్ గీసేది కాగితం మీద కాదు, గ్యారేజీ నేల మీద. ఏటా ఫిబ్రవరిలో ఒక ఆదివారం కారు బయట పెట్టి, సిమెంటు నేల ఊడ్చి, కూతురు వర్షిణి పెట్టెలోంచి ఒక సుద్దముక్క తీసుకుని మోకాళ్ల మీద కూర్చునేవాడు. మొదట పొడుగ్గా ఒక గీత. అది మోరిన్స్‌విల్ వెళ్లే దారిలో జాయ్స్ అనే ఆవిడ పొలం ముందున్న రోడ్డు. తర్వాత నాలుగు పలకలుగా మొక్కజొన్న వేసిన మక్కచేను, దాని వెనుక పైన్ చెట్ల వరస, ఆ మూల నీళ్ల తొట్టి. గాలి ఎటు నుంచి వస్తుందో బాణం గుర్తు. చివరగా మనుషులు, నాలుగు మూలలా నాలుగు సున్నాలు. ఒక సున్నాలో తుపాకీ బొమ్మ ఉండేది. తుపాకీ ఒక్కటే, లైసెన్సు కూడా ఆయన ఒక్కడికే. ఆయన పక్కన నిలబడి ఉండగా మేం వంతులవారీగా కాల్చేవాళ్లం. మిగిలిన ముగ్గురూ మూలల్లోంచి పిట్టల్ని లేపాలి.

ఆయనది జనగామ దగ్గర పల్లె. బోరు మోటార్లు బాగుచేయడం నేర్చుకుని మస్కట్ వెళ్లాడు. అక్కడి నుంచి 2003లో హామిల్టన్ వచ్చి, పాడి పొలాలకు పంపులు, తొట్లు బిగించే కంపెనీలో చేరాడు. పంపు చెడిందని రైతు ఫోన్ చేస్తే, వెళ్లి గొట్టానికి చెవి ఆనించి వినేవాడు. "గాలి గుంజుతుంది," అనేవాడు తెలుగులోనే. ఆ ముక్క చాలామంది కివీ రైతులకు కూడా వచ్చేసింది. మొదటి ఏడాది జాయ్స్ పంపు షెడ్డు మీద మెడకు తెల్ల చుక్కల నల్లపట్టీ ఉన్న గువ్వను చూసి నిచ్చెన మీదే ఆగిపోయాడట. "మా ఊరి పిట్ట! నాకన్న ముందే వీసా దొరికింది దీనికి," అని చెప్పుకుని నవ్వేవాడు. ఈ దేశపు సొంత పావురం జోలికి పోతే జైలే. బయటి నుంచి వచ్చిన ఈ గువ్వలకు ఆ రక్షణ లేదు. అలా మొదలైంది షికారు. మార్చి ఆఖరి శనివారం, మక్కచేను కోసిన తర్వాత, నేల మీద రాలిన గింజల కోసం అవి దిగినప్పుడు.

నేను 2009లో చదువుకోవడానికి వచ్చి, రోటోటూనాలో ఆయన ఇంటి వెనుక గదిలో రెండేళ్లు ఉన్నాను. నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ, "తమ్మీ" అనేవాడు. షికారులో నాది నాలుగో సున్నా. మిగతా ఇద్దరిలో వెంకటస్వామిది వరంగల్, మూల మీద డైరీ నడుపుతాడు. డైరీ అంటే పాలకేంద్రం కాదు, ఇక్కడ చిల్లర కొట్టుకు ఆ పేరు. ఖలీల్‌ది హైదరాబాద్. మాంసం ఫ్యాక్టరీలో హలాల్ కోసేవాడు. పిట్ట పడగానే కత్తి పట్టుకుని పరుగెత్తడం అతని వంతు. అది పూర్తిగా చావకముందే చేరాలి. లావు మనిషి. ఆ పరుగు చూసి మేం ప్రతి ఏడూ నవ్వేవాళ్లం.

మొదటి పిట్టకు ఒక పద్ధతి ఉండేది. అది పడ్డాక రెండో తూటా పేల్చకూడదు. లింగయ్య అన్న దాన్ని ఒళ్లో పెట్టుకుని, రొమ్ము ఈకలు పీకి, గొంతు కింది మేత తిత్తిని కత్తి మొనతో కోసి గింజలు అరచేతిలో పోసుకునేవాడు. అవి చూసి చెప్పేవాడు: "జాయ్స్ మక్కలే. ఈణ్నే తింటున్నయ్, యాడికి పోవు." ఒకసారి గింజల్లో బఠాణీలు కనబడితే, లేచి మమ్మల్నందరినీ మూడు కిలోమీటర్ల అవతలి పొలానికి తీసుకుపోయాడు. అక్కడే ఉన్నాయి గువ్వలన్నీ.

2013లో ఆ ఆదివారం మేం వెళ్లేసరికి సుద్దముక్క ఇంకా చేతిలోనే ఉంది, నేల మీద సగమే గీశాడు. ఇక్కడ ఎండాకాలం మన చలికాలం నెలల్లో వస్తుంది. హామిల్టన్‌లో జనవరి నుంచి చినుకు లేదు. తోటలకు నీళ్లు పెట్టొద్దని ఆంక్షలు వచ్చాయి. బయట పచ్చిక అరికాళ్లకు గుచ్చుకునేంతగా ఎండిపోయింది. రైతులు మేత లేక ఆవుల పాలు పితకడం ముందే ఆపేస్తున్నారు.

"కరువంట!" అన్నాడు వెంకటస్వామి, ఫ్రీజర్ పెట్టె మీద కూర్చుంటూ. "రేడియోల ఒకటే ఏడుపు."

"ఆరు వారాలు వాన పడకపోతె వీళ్లు రేడియోల ఏడుస్తరు," అన్నాడు లింగయ్య అన్న. "మా ఊర్ల మూడేండ్లు పడకపోతె ఎవడన్న వొచ్చి అడిగిండా? నేను బోర్లల్ల రాళ్లేసి సప్పుడు ఇనుకుంట పెరిగిన. తొంభై అడుగులు, నూటిరవై అడుగులు... ఆఖర్కి సప్పుడే రాకపోవు."

"ఈసారి మంట పెట్టనియ్యరు భాయ్," అన్నాడు ఖలీల్. "మొత్తం బ్యాన్. కాల్చుడు ఎట్ల?"

"గ్యాసు పొయ్యి పట్టుకపోదాం."

"గ్యాసు మీద గువ్వనా! గది ఆమ్లెట్ లెక్క ఉంటది."

"అయితె నీకు ఆమ్లెట్టే పెడ్త తియ్."

నవ్వులయ్యాక ఆయన మళ్లీ వంగి సున్నాలు గీశాడు. నాలుగూ ఒకేచోట గీశాడు, పైన్ చెట్ల నీడలో, పక్కపక్కన.

"ఇదేందన్నా?" అన్నాడు వెంకటస్వామి. "నలుగురం ఒక్కతాన కూసుంటె పిట్టల్ని ఎవలు లేపాలె? నీ పెండ్లికి పోతున్నమా ఏంది, వరసగ కుర్సీలేసుకోని?"

"కూసుందాం తియ్. ఎండ మస్తున్నది. నడుసుడు ఎందుకు?"

లేవబోయి ఫ్రీజర్ అంచు పట్టుకుని కొంతసేపు అలాగే నిలబడ్డాడు. మోకాలు నొప్పి అన్నాడు. దానికే కంపెనీలో సెలవు కూడా పెట్టాడట. మేం నమ్మాం.

నాలుగు రోజుల తర్వాత శకుంతల వదిన నేను పనిచేసే చోటికి వచ్చింది. వృద్ధాశ్రమంలో డ్యూటీ దిగి, యూనిఫాంలోనే ఉంది. కారు పార్కింగ్‌లో నా బండి పక్కన నిలబడి, ముందు వర్షిణి పరీక్షల గురించి మాట్లాడింది. తర్వాత అంది:

"మోకాలు కాదు జశ్వంతూ. కడుపుల. జనవరిలనే తెలిసింది. కోసుడు గూడ కాదంట. చలికాలం దాటది అన్నరు."

నా చేతిలోని తాళంచెవి బండి మీద పెట్టేశాను.

"మీ ముగ్గురికి చెప్పద్దని ఒట్టు వేయించుకున్నడు. షికారు అయ్యేదాక. వాళ్లకు తెలిస్తె ఆ దినం నన్ను సూసుకుంట కూసుంటరు, పిట్టల్ని సూడరు అంటున్నడు. ఒక్క దినం ఎప్పటిలెక్క ఉండాలె, గంతే అడుగుతున్నడు. నువ్వు... ఆ రోజు బరువులు మోయనియ్యకు. గంతకోసమే చెప్పిన. ఎవ్వలకు చెప్పకు."

చెప్పకుండా ఉండగలిగేవాడిని. కానీ ఆ శనివారం ఒక్కణ్నే పొలం చూసిరావడానికి వెళ్లాను. జాయ్స్ మక్కచేను నడుము ఎత్తు కూడా పెరగక, కంకి గింజ పట్టక, ఫిబ్రవరి రెండో వారంలోనే మొత్తం కోసి ఆవులకు వేసేశారు. నేల మీద రాలడానికి గింజే లేదు. గంటసేపు నిలబడ్డాను. పైన్ చెట్లలో ఒక్క గువ్వ కూయలేదు. ఆయన ఆఖరి షికారుకు ఖాళీ ఆకాశమే ఉంటుంది.

నేరుగా వెంకటస్వామి కొట్టుకు వెళ్లి, ఖలీల్‌ను కూడా పిలిపించి, ఇద్దరికీ చెప్పేశాను. ఖలీల్ బయటికి వెళ్లి చాలాసేపు రాలేదు. వెంకటస్వామి గల్లా పెట్టె వెనుక కూర్చుని, ఎవరో పిల్లవాడు ఐస్‌క్రీం తెచ్చి ముందు పెడితే అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోయాడు. ఆ పిల్లవాడే రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

"పిట్టలు రావాలె," అన్నాడు చివరికి. "మనమే రప్పియ్యాలె."

కొట్టు వెనుక జొన్నల సంచులు రెండున్నాయి. గట్క వండుకోవడానికి జొన్నరవ్వ కావాలని లింగయ్య అన్న అడిగితే తెప్పించినవే. జనవరిలో ఒక సంచి తీసుకెళ్లిన వదిన, ఆయనకు గట్క కూడా గొంతు దిగకపోవడంతో, ముప్పావు వంతు అలాగే తిరిగి తెచ్చి ఇచ్చింది. అప్పుడు కారణం చెప్పలేదు.

అప్పుడు నాకు ఒక విషయం గుర్తొచ్చింది. గుర్తొచ్చినా నోరు మూసుకున్నాను. అంతకు రెండేళ్ల ముందు ఒక మధ్యాహ్నం, వదిన పెరట్లో చల్లిన మెతుకులకు గువ్వలు దిగాయి. వెంకటస్వామి వేలు తుపాకీలా చాపి, "వదినా, గీ నాలుగిటిని ఈణ్నే ఏసేస్తె మోరిన్స్‌విల్ పోవుడు తప్పుతది," అన్నాడు. లింగయ్య అన్న తింటున్న కంచం కింద పెట్టేశాడు. "మన మెతుకులు తిన్నదాన్ని ఎట్ల కొడ్తవ్ రా? నమ్మి వొచ్చినదాన్ని కొట్టుడు షికారు కాదు. మా నాయిన పిట్టలు కొట్టే బతికిండు. ఇంట్ల గింజ తిన్న పిట్ట మీదికి ఒక్కనాడు గులేరు ఎత్తలే." ఇది పెరడు కాదు, పొలం కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

జాయ్స్‌కు అరవై ఎనిమిదేళ్లు. భర్త పోయాక ఒంటరిగా రెండొందల ఆవుల్ని చూసుకునేది. ఆ ఏడు అరవైని ముందే అమ్మేసింది. నా ఆవులకు మేత లేదు, మీరు పక్షులకు గింజలు చల్లుతారా అని అడిగింది. సంగతి చెప్పాను. గేటు తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి, ఇంకేమీ అడగకుండా ఇంట్లోకి వెళ్లిపోయింది.

మార్చి నెలంతా వంతులేసుకుని వెళ్లాం. రోజు విడిచి రోజు, ఒక బకెట్ జొన్నలు. మొదటి వారం పిచ్చుకలే వచ్చాయి. రెండో వారం నాలుగు గువ్వలు. తర్వాత పన్నెండు. నెలాఖరుకు నా బండి చప్పుడు వింటే పైన్ చెట్లలోంచి తల బయటపెట్టి చూసేవి. ఒక సాయంత్రం వెంకటస్వామికి ఫోన్ చేసి, నలభై దాకా ఉన్నాయని చెబితే చిన్నపిల్లవాడిలా కేక వేశాడు. మేం ఏం చేస్తున్నామో, ఎందుకు చేస్తున్నామో మర్చిపోయి సంతోషపడ్డ రోజులవి.

ఆ ఏడు మార్చి ఆఖరి శనివారం ఈస్టర్ సెలవుల్లో వచ్చింది. ఎనిమిదింటికి పొలం చేరాం. లింగయ్య అన్న చొక్కా భుజాల మీద హ్యాంగర్‌కు వేసినట్టు వేలాడుతోంది. బెల్టుకు కొత్త బెజ్జం. నేను తుపాకీ సంచి అందుకోబోతే లాక్కున్నాడు.

"ఏందిర, నేను ముసలోన్నయిన్నా?"

"లేదన్నా, ఊకెనే..."

"ఎంకటస్వామిది మొయ్యి. వాడు మూడు కుర్సీలు, నాలుగు కిలోల పొట్ట మోస్తుండు."

"నా పొట్ట జోలికి రాకు," అన్నాడు వెంకటస్వామి. గొంతు కొంచెం బిగ్గరగా పలికింది. "పోయినేడు ఏడు తూటాలకు రెండు పిట్టలు కొట్టినోనివి, నువ్వు నాకు చెప్పేటోడివైనవ్."

"గాలి అట్లున్నది రా."

"గాలి మా కొట్లకెళ్లి వొచ్చిందా?"

సుద్దతో గీసినట్టే నలుగురం పైన్ చెట్ల కింద వరసగా కూర్చున్నాం. ముందు ఎండుగడ్డి కట్టలు రెండు అడ్డం పెట్టుకున్నాం. ఆయన తుపాకీ ఒళ్లో పెట్టుకుని, ఫ్లాస్కులో చాయ పోసుకుని, కాళ్లు చాపి, మస్కట్‌లో ఒంటె పంపు గొట్టం కొరికిన కథ మొదలుపెట్టాడు. తొందర లేని మనిషిలా ఉన్నాడు. ఆకాశం వైపు చూడనే లేదు.

అంతలో మా తలల మీంచి రెక్కల చప్పుడు. మొదట ఐదు, వెనక పది, ఆ వెనక లెక్కలేనన్ని. బూడిద రంగు చేను మీద వరసగా దిగాయి.

ఆయన కథ ఆపేశాడు. చాయ కప్పు గడ్డి మీద ఒరిగిపోయింది. ఆ ముఖం నేను ముందెప్పుడూ చూడలేదు. "అబ్బా!" అన్నాడు మెల్లగా. "వొచ్చినయ్ రా. ఇంత ఎండల, ఇంత కరువుల... వొచ్చినయ్." లేచి నిలబడ్డాడు. తుపాకీ భుజానికి ఆనించాడు. ఒక్క తూటా. గుంపు లేచింది. ఒకటి పడింది.

ఖలీల్ పరుగెత్తాడు. ఎవరూ నవ్వలేదు. "బిస్మిల్లా" అన్న మాట దూరం నుంచి వినిపించింది. పిట్టను తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు.

లింగయ్య అన్న ఈకలు పీకి, తిత్తి కోసి, అరచేతిలో పోసుకున్నాడు. మక్కల పసుపు కాదు. గుండ్రంగా, పాలతెలుపు గింజలు, ఒక్కొక్కదాని మీద చిన్న చుక్క.

చాలాసేపు చూశాడు. ఒక గింజ తీసి పళ్ల మధ్య కొరికాడు.

"ఎంకటస్వామీ."

"ఆఁ అన్నా."

"నీ కొట్లయేనా?"

వెంకటస్వామి తల వంచుకున్నాడు. ఖలీల్ కత్తిని గడ్డికి తుడుస్తున్నాడు, తుడిచిందే తుడుస్తున్నాడు.

"ఎన్నొద్దుల సంది?"

"నెల," అన్నాను నేను.

"శకుంతల చెప్పిందా?"

ఆయన తుపాకీ మడత విప్పి, మిగిలిన తూటా తీసి జేబులో వేసుకున్నాడు. తుపాకీని సంచిలో పెట్టి జిప్పు లాగాడు. ఇంకా తొమ్మిది కూడా కాలేదు.

"అన్నా, అవి అడవి పిట్టలే గద," అన్నాడు వెంకటస్వామి. ఏడుస్తున్నాడు. "ఇంటివి కావు గద. ఇంకొక్కటి కొట్టన్నా. ఒక్కటి."

"మేపిన్రు గద రా."

"పిట్టలు లేవన్నా ఈ ఏడు," అన్నాను. "ఒక్కటి లేదు. నేను వొచ్చి చూసిన."

"నాకు తెల్వదా?" అన్నాడు నా వైపు తిరిగి. కోపం లేదు ఆ గొంతులో, అదే నాకు ఎక్కువ బాధ. "ఫిబ్రవరిలనే చూసిపోయిన తమ్మీ. చేను కోసిన మర్నాడే. ఒక్క గువ్వ లేదు. రావు గూడ. అందుకే గద నలుగుర్ని ఒక్కతాన గీసిన. వొట్టిగ కూసోని ముచ్చట పెట్టుకోని పోదామనే వొచ్చిన." అరచేతిలో గింజల్ని వేలితో అటూ ఇటూ జరిపాడు. "రెక్కల సప్పుడు ఇనంగనే ఎంత సంబరమైందో. నాకోసమే వొచ్చినయనుకున్న."

నేను గడ్డి కట్ట మీద చేయి ఆనించి నిలబడ్డాను. ఆయన అడిగింది ఒక్క రోజు. దాన్ని మేమే పాడుచేశాం.

కోసినదాన్ని పారేయడం ఇంకా పాపమని ఖలీల్ గ్యాసు పొయ్యి వెలిగించాడు. నలుగురికి ఒకే గువ్వ. లింగయ్య అన్న ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలాడు, చాలాసేపు నమిలాడు. మేం చేను వైపు, తొట్టి వైపు, ఎటో చూస్తున్నాం. చివరికి పక్కకు తిరిగి ఊసేశాడు.

"అటు ఇటు చూడకుండ్రి," అన్నాడు. "మింగుడు వడ్తలేదు. జనవరి సంది గంతే. ఇగ తెలిసింది గద, దొంగల లెక్క ఎందుకు కూసుంటరు?"

ఆయన తన జబ్బు గురించి మాతో చెప్పింది అదే మొదలు, దాదాపు అదే ఆఖరు.

గువ్వలు మళ్లీ దిగాయి. ఒకటి మాకు పది అడుగుల దూరం దాకా వచ్చింది. మమ్మల్ని గుర్తుపట్టాయి కాబోలు.

"ఇంకెన్ని ఉన్నయ్ జొన్నలు?"

"అర సంచి ఉన్నయన్నా."

"బండిల ఏమన్న ఉన్నయా?"

ఒక బకెట్ ఉంది. తెచ్చి ఇచ్చాను. మోకాలి మీద పెట్టుకుని, కూర్చున్నచోటి నుంచే పిడికిళ్లతో చల్లాడు. గింజలు దగ్గర దగ్గరే పడ్డాయి. చేతిలో బలం లేదు. "వానలు పడేదాక మేపాలె ఇగ," అన్నాడు. "అలవాటు జేసి నడుమ ఇడిసిపెట్టద్దు. అవి వేరే జాగ ఎతుక్కోకుండ ఈణ్నే కూసుంటయ్. తమ్మీ, నీ పని ఇది."

రోజు విడిచి రోజు వెళ్లాను. తిరుగుదారిలో ఆయన ఇంటికి వెళ్లి మంచం పక్కన కూర్చుంటే, "చెప్పు," అనేవాడు. ఎన్ని వచ్చాయి, పిల్లలున్నాయా, తొట్టిలో నీళ్లు ఎంతున్నాయి, గాలి ఎటు. నొప్పి ఎలా ఉందని ఒక్కసారి అడిగితే ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. మళ్లీ అడగలేదు. గువ్వలే మా మాట.

ఏప్రిల్ మధ్యలో ఒక మంగళవారం గేటు తీస్తుంటే వాన మొదలైంది. ఫోన్ మోగింది.

"ఆడ పడుతుందా?"

"పడుతుందన్నా. మంచిగ పడుతుంది."

"వాసన వొస్తుందా?"

"వొస్తుంది."

ఆయన గది కిటికీ మీద కూడా చినుకుల చప్పుడు ఫోన్లో వినిపిస్తోంది. "పదిహేనొద్దుల పచ్చగైతది. ఇగ పోకు తమ్మీ. వాటి తిండి అవి తింటయ్."

జొన్నలు బకెట్‌లో అలాగే వెనక్కి తెచ్చాను. తర్వాత కూడా రోజు విడిచి రోజు వెళ్లి కూర్చునేవాణ్ని. "చెప్పు" అనేవాడు అలవాటుగా. చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. గోడ గడియారం వినబడేది.

జూన్ రెండో వారంలో పోయాడు. దానికి మూడు రోజుల ముందు వెళ్లినప్పుడు కళ్లు మూసుకునే ఉన్నాడు. వదిన దూదితో పెదవులు తడుపుతోంది. నేను వచ్చానని చెప్పింది.

"ఎన్ని?" అన్నాడు.

పొలం వైపు వెళ్లి ఏడు వారాలైంది. "ముప్పై రెండన్నా," అన్నాను.

"అబద్ధం. వానలు పడినంక గన్ని రావు."

ఆయన వేళ్లు దుప్పటి మీద, దేన్నో చల్లుతున్నట్టు కొంచెం కదిలాయి.

"అయినా చెప్పు. ఏడ వాలినయ్?"

చెప్పాను. పైన్ చెట్లలోంచి ముందు ఐదు లేచాయని, వెనక పది, ఆ వెనక లెక్కలేనన్ని అని, తొట్టి మీంచి ఒక చుట్టు తిరిగి చేను మధ్యలో దిగాయని, ఒకటి మాత్రం మన కుర్చీల దాకా నడిచి వచ్చిందని. ఆయన నిద్రపోయాడని వదిన సైగ చేసేదాకా చెబుతూనే ఉన్నాను.